వైమోకో లెక్కలో సున్నా

నివేదికలో నలభై ఒకటో పేజీ. "వైమోకో తీరం, ఉత్తరపు కొస. తవాకి: సున్నా. గూళ్ళు: సున్నా. పక్షులు ఈ తీరాన్ని శాశ్వతంగా విడిచిపెట్టినట్టు భావించవచ్చు."

భావించవచ్చట!

మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదవబోతే ఒళ్ళు మండిపోయి కాగితాలు బల్ల మీద పడేశాను.

తవాకి మా అడవి పెంగ్విన్. మోకాలి ఎత్తుంటుంది. ముక్కు మొదట్లోంచి కళ్ళ మీదుగా వెనక్కి పసుపు తురాయి. పెంగ్విన్ అనగానే అందరికీ మంచు గుర్తొస్తుంది కానీ దీనికి మంచు అక్కర్లేదు. రోజూ వానలో నానే అడవి కావాలి. సముద్రంలోంచి లేచి, బండరాళ్ళ మీద గెంతుకుంటూ, వాగు వెంట పైకి వచ్చి, రాతా చెట్ల వేళ్ళ కింద, పొదల్లో మనిషి చెయ్యి దూరని చోట గూడు పెడుతుంది. అక్కడ దాన్ని లెక్కపెట్టాలంటే పొట్ట మీద పాకాలి. బురదలో పాకుతూ, మెడ మీద ఇసుక ఈగలు కుడుతున్నా చేతులు కదపకుండా, చెట్టు వేళ్ళ సందుల్లోకి టార్చి వేసి చూడాలి. ఆరేళ్ళుగా అదే నా ఉద్యోగం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. డిగ్రీ పట్టా తెచ్చుకుని చేస్తున్నది బురదలో పాకడమా అని మా నాన్న బతికున్నన్నాళ్ళూ నవ్వేవాడు. నవ్వుతూనే పట్టాను పటం కట్టించి గోడకు తగిలించాడు.

ఇక్కడ పడవలు దింపే ర్యాంపు కట్టబోయే కంపెనీకి ఈ నివేదిక రాసిన ట్రెమ్లెట్ గారు వైమోకోకు ఎప్పుడు వచ్చారో చూశాను. జనవరి ఆరు, ఏడు తేదీలు.

జనవరి మొదటి వారంలో ఏ తవాకి ఇంట్లో ఉంటుంది? జూలైలో వస్తాయి. ఆ నెలాఖరు నుంచి ఆగస్టు దాకా గుడ్లు. సెప్టెంబరులో పిల్లలు. డిసెంబరు మొదటికల్లా పిల్లలు సముద్రంలో దిగిపోతాయి, వాటి వెనకే తల్లీ తండ్రీ కూడా. మళ్ళీ జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో ఈకలు మార్చుకోవడానికి వచ్చి, మూడు వారాలు తిండీ తిప్పలూ లేకుండా రాళ్ళ మధ్య నిలబడి, మార్చికల్లా వెళ్ళిపోతాయి. ఇక జూలై దాకా ఒక్కటీ కనపడదు. ఈ సంగతి మా ఊళ్ళో బడికి వెళ్ళే పిల్లలకు కూడా తెలుసు. ఇప్పుడేమో బహిరంగ విచారణ జూన్ పదకొండున. జూలై ఒకటిన తవ్వకం మొదలు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు వచ్చి తలుపు కొట్టి, ఇల్లు ఖాళీ అని రాసుకుని, ఇంటివాళ్ళు తిరిగి రాకముందే కూలగొట్టడానికి ముహూర్తం పెట్టుకున్నారు.

అంతే అయితే నాకు భయం లేదు. తేదీలు చూపించి అడగొచ్చు. కానీ పేజీ తిప్పితే ఇంకో వాక్యం ఉంది.

"ఈ నిర్ధారణను గత వసంతంలో, అంటే ఆగస్టు, సెప్టెంబరుల్లో, వన్యప్రాణి సంరక్షణ శాఖ స్వయంగా జరిపిన లెక్క బలపరుస్తోంది. కనిపించిన తవాకి: సున్నా. లెక్కించినవారు: ఆర్. పొహాతు."

ఆర్. పొహాతు అంటే రిపెకా పొహాతు. అంటే నేనే.

*

ఆ సున్నా ఎలా వచ్చిందో చెప్పాలి.

పోయిన ఆగస్టు పంతొమ్మిదిన పావొరా అన్న వైమోకోలో దింపుతున్న పడవ అలల్లో తిరగబడింది. పావొరా మా హినెవాయి పిన్ని కొడుకు. పడవలో అతనితో ఉన్న డెనిస్ బాబాయ్ ఈదుకుంటూ గట్టెక్కాడు. అన్న ఎక్కలేదు. ఎనిమిది రోజులు వెతికారు. దొరకలేదు.

ఆ సాయంత్రమే మా ఊరి పెద్ద తామతి తాతయ్య ఒడ్డున నిలబడి ప్రార్థన చదివి, వాగు మొగ నుంచి నల్లకొన గుట్ట దాకా రాహుయి వేశాడు. రాహుయి పడ్డ తీరంలోకి ఎవరూ కాలు పెట్టరు. చేపా, నత్తా, పీతా ఏదీ తియ్యరు. సముద్రం మనిషిని తీసుకున్న చోట మనం మన పనులు చేసుకోకూడదు. మామూలుగా కొన్ని వారాల్లో ఎత్తేస్తారు. శవం దొరకలేదు కాబట్టి తాతయ్య డిసెంబరు పది దాకా ఎత్తలేదు. కంచె లేదు, కాపలా లేదు. అయినా వెతుకులాట ఆగాక ఊళ్ళో ఒక్కరు దాటలేదు. నేనూ దాటలేదు.

నా లెక్క కాలం సరిగ్గా ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు చివరి దాకా. అక్టోబరు మొదట్లో ఆఫీసు నుంచి ఫోను. "రిపెకా, వైమోకో ఒక్కటే మిగిలింది. ఇవాళ మూసెయ్యాలి."

టాబ్లెట్ తెరిచాను. కనిపించిన తవాకి ఎన్ని అని ఒక గడి. ఖాళీగా వదిలితే ఎర్రగా మెరుస్తుంది, ముందుకు పోనివ్వదు. లెక్క జరగకపోతే కారణం ఎంచుకోమంటుంది. వాతావరణం, అనారోగ్యం, పరికరం పాడవడం, సిబ్బంది కొరత. ఇవే నాలుగు. మా అన్న ఇందులో ఏది? వాతావరణమా?

ఆఫీసుకు ఫోను చేసి అడిగి ఉండొచ్చు. "మా అన్న పోయాడు, తీరానికి రాహుయి ఉంది, ఏం రాయమంటారు?" అని. అడగలేదు. మా అన్నను ఎవరి జాబితాలోనో ఒక గడిలో ఇరికించబుద్ధి కాలేదు. "కనిపించినవి ఎన్ని?" అని కదా అడిగారు. నాకు కనిపించినవి సున్నా. అబద్ధం కాదు. సున్నా నొక్కి పంపేశాను. ఫోను చేసినవాళ్ళు కూడా మళ్ళీ అడగలేదు. అంతకు ముందు ఐదేళ్ళలో ఇరవై ఎనిమిది గూళ్ళకు తగ్గని చోట ఒక్కసారిగా సున్నా వస్తే ఇదేమిటమ్మా అని అడగడానికి ఆ ఆఫీసులో ఒక్క నోరు లేదు!

*

మర్నాడు పొద్దున చేపల షెడ్డు దగ్గర డెనిస్ బాబాయ్ వలలు బాగుచేస్తున్నాడు. తెల్లవాడు, కానీ పుట్టింది ఇక్కడే. మా నాన్నతో కలిసి పెరిగాడు. నన్ను చూడగానే మొదలెట్టాడు.

"వచ్చిందండీ పిట్టల పంతులమ్మ! ఏంటా మొహం? కాగితం చదివావా?"

"చదివాను బాబాయ్. ఉత్తరపు కొసన కాంక్రీటు పోస్తారట. గూళ్ళన్నీ దాని కిందే."

"పొయ్యనీ. రాళ్ళలోంచి పడవ దింపి దింపి నడుం విరుగుతోంది. ఆ రోజు ర్యాంపు ఉండుంటే పావొరా..." అని ఆగిపోయాడు. సూదిని వలలో రెండుసార్లు గుచ్చి తీశాడు. "మనుషుల కన్నా ఆ పొట్టి కోళ్ళు ఎక్కువైపోయాయా నీకు?"

"ర్యాంపు వద్దని నేనెప్పుడన్నాను? దక్షిణాన పాత రంపపు మిల్లు దిబ్బ దగ్గర వెయ్యమంటున్నా. అక్కడ కొండ అడ్డం ఉంటుంది, అల రాదు. నువ్వే వెయ్యిసార్లు చెప్పావు కదా."

"చెప్పాను. ఎవడు విన్నాడు? అక్కడ వేస్తే హోటల్ కిటికీలోంచి ఏం కనపడుతుంది? తుప్పు పట్టిన బాయిలరు!"

"హోటలేంటి?"

డెనిస్ బాబాయ్ నా వైపు జాలిగా చూశాడు. "అంత చదువు చదివావు, చివరి పేజీ బొమ్మ చూడలేదా తల్లీ? ర్యాంపు మన కోసం అనుకుంటున్నావా? పద్దెనిమిది గదులు. అతిథులు మంచం దిగి పడవెక్కడానికి ర్యాంపు. మనం కూడా వాడుకోవచ్చట, వాళ్ళ పడవలు వెళ్ళాక."

"తెలిసి నువ్వెందుకు ఊరుకున్నావు?"

"మీ పిన్ని కోసం" అన్నాడు. తల ఎత్తలేదు. "దానికి వాడి పేరు పెడతామన్నారు. ఆ మొహం మీద పోయిన ఆగస్టు తర్వాత అప్పుడే కాస్త వెలుగు చూశాను. ఎలా కాదంటాను?"

*

పిన్ని ఇంట్లో ఉప్పు పట్టించిన తీతీ పిట్ట మాంసం ఉడుకుతోంది. వీధి మలుపు దాకా వాసన. ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతంతో అంటించి ఉంది ఆ రంగుల బొమ్మ. నున్నటి కాంక్రీటు, తెల్ల పడవలు, నీలం బోర్డు మీద "పావొరా ర్యాంపు". ఇన్నాళ్ళూ దాని ముందు నిలబడే పాలు తీసుకున్నాను, టీ పెట్టుకున్నాను. పక్కనున్న హోటల్ అంచును మాత్రం చూడలేదు. బొమ్మ కొసన, చెట్ల వెనక, లేత రంగులో దాక్కునేలా వేశారు.

"కూర్చో. బంగాళాదుంపలు ఒలువు" అంది పిన్ని. "ఏంటి, గుటకలు మింగుతున్నావు? చెప్పు."

చెప్పాను. జనవరి తేదీలు చెప్పాను. హోటలు సంగతి చెప్పాను. ఆఖరున నా సున్నా చెప్పాను.

పిన్ని గరిటె పక్కన పెట్టింది. "మళ్ళీ చెప్పు. రాహుయి ఉన్నప్పుడు నువ్వు వెళ్ళలేదు. వెళ్ళలేదు కాబట్టి సున్నా రాశావు. ఆ సున్నా పట్టుకుని అక్కడ ఏమీ లేదంటున్నారు?"

"అవును పిన్నీ."

"నా కొడుకు కోసం ఊరంతా తలుపు వేసుకుని కూర్చుంటే, ఆ వేసిన తలుపును చూపించి ఇల్లు ఖాళీ అంటున్నారు."

"నేను ఆ రోజు సరిగ్గా రాసి ఉంటే..."

"నువ్వు నోరు ముయ్. నీ వంతు తర్వాత వస్తుంది." ఆవిడ గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండేదనిపించింది. "వాడి చావుతో అడవి ఖాళీ అని సాక్ష్యం పుట్టిస్తారా? మళ్ళీ దానికే వాడి పేరు పెడతారా? నన్ను పిలిచి, రిబ్బను కత్తిరించమని, నల్ల కోటు వేసుకు రమ్మని చెప్పి..." ఫ్రిజ్ మీది బొమ్మ పీకి మడిచింది. మళ్ళీ మడిచింది. ఇక మడత పడనంత చిన్నదయ్యాక బల్ల మీద పెట్టి, పైన ఉప్పు డబ్బా పెట్టింది.

చాలాసేపు బంగాళాదుంపలు ఒలిచాను.

"ఇరవై రెండు" అంది పిన్ని.

"ఏంటి?"

"మొదటి సాయంత్రాల్లో ఐదారు కన్నా ఎక్కువ ఉండేవి కావు. సెప్టెంబరు సగం దాటాక ఇరవై రెండు, ఇరవై ఆరు. ఒకరోజు ముప్ఫై ఒకటి. పెద్ద వాన రోజున పంతొమ్మిది."

నాకు అప్పుడు అర్థమయింది. రాహుయి ఉన్నన్ని నెలలూ పిన్ని ప్రతి సాయంత్రం నల్లకొన ఎక్కేది. హద్దుకు ఇవతల, తాతయ్య పాతిన కర్ర పక్కన, రాతా చెట్టు మొదట్లో కూర్చునేది. ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరూ ఎందుకని అడగలేదు. ఎందుకో అందరికీ తెలుసు కాబట్టి.

"సముద్రం వైపే చూసేదాన్ని. నల్లగా ఏదైనా లేస్తే గుండె ఆగేది. లేచి నిలబడి, ఒళ్ళు దులుపుకుని, అటూ ఇటూ చూసి అడవిలోకి నడిచేది. తవాకి. ఇంకోటి లేచేది. మళ్ళీ తవాకే. ఒక్కడి కోసం చూస్తూ వాటిని లెక్కపెట్టాను అమ్మాయ్. వేరే పనేముంది నాకు?"

సెప్టెంబరు సగంలో పెరిగాయి అంటే పిల్లలు బయటపడ్డాయి. తొలి మూడు వారాలూ తండ్రి గూటి దగ్గర కదలకుండా కాపలా ఉంటుంది. రోజూ సముద్రానికి వెళ్ళి మేత తెచ్చేది తల్లి ఒక్కతే. అంటే పిన్ని చూసిన ప్రతి పిట్ట వెనకా ఒక గూడు. ఇరవై ఆరు తల్లులంటే కనీసం ఇరవై ఆరు గూళ్ళు. ఐదేళ్ళు పొట్ట మీద పాకి నేను తెచ్చిన లెక్కను పిన్ని కూర్చున్న చోటి నుంచి తెచ్చింది.

"విచారణలో చెబుతావా పిన్నీ?"

"ముందు నువ్వు నీ సున్నా సంగతి చెప్పు. అందరి ముందు. ఆ తర్వాత నేను లేస్తాను." మూత తీసి మాంసం చూసింది. "ఉద్యోగం పోతుందేమో."

"పోతుంది."

"పోతే పోనీ. దుంపలు ఇటు పడెయ్."

*

విచారణ ఊరి హాల్లో. బయట వాన. వెనక వరుసలో గంబూట్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి. తామతి తాతయ్య ప్రార్థన చదివాడు. విచారణాధికారి ఓక్డెన్ గారు, నెరిసిన జుట్టావిడ, కళ్ళద్దాలు మెడలో వేలాడుతున్నాయి. ఒక పక్క కంపెనీ వకీలు, అతని పక్కన ట్రెమ్లెట్. ట్రెమ్లెట్ చెడ్డవాడిలా లేడు. అదే ఇంకా కోపం తెప్పించింది. చక్కటి మర్యాద, చక్కటి స్వెట్టరు. రోడ్ల పనులకు నివేదికలు రాయడం ఆయన వృత్తి. రోడ్డుకు ఏ కాలమైనా ఒకటే.

ఆయన తెర మీద అంకెలు చూపించాడు. "ఇంకో విషయం. ఇవి రెండేసి గుడ్లు పెట్టినా, శాఖ లెక్కల ప్రకారమే గూటికి ఒక్క పిల్లే మిగులుతోంది. అంటే సగానికి సగం నష్టం. ఇది ముందు నుంచీ క్షీణిస్తున్న తీరం."

ఇక కూర్చోలేకపోయాను. నా వంతు రాకుండానే లేచాను.

"అది నష్టం కాదండీ! తవాకి పద్ధతే అంత. మొదటి గుడ్డు చిన్నది, రెండోది పెద్దది. దాదాపు ఎప్పుడూ ఒక్క పిల్లనే పెంచుతాయి. ఇవాళ కాదు, ఎప్పటి నుంచో అంతే. ఆరోగ్యంగా ఉన్న గూటిని చూపించి రోగం అంటున్నారు మీరు."

"మీరు?" అంది ఓక్డెన్.

"రిపెకా పొహాతు. ఆ సున్నా రాసింది నేనే."

హాలు కదిలింది. చెప్పేశాను. వంకరగా చెప్పలేదు. వెళ్ళలేదు, చూడలేదు, అయినా గడిలో అంకె నొక్కాను అన్నాను. రాహుయి అని చెప్పేటప్పుడు పిన్ని వైపు చూడలేదు.

వకీలు లేచాడు. "అంటే శాఖకు తప్పుడు అంకె ఇచ్చానని ఒప్పుకుంటున్నారు. మరి మిగతా ఐదేళ్ళ అంకెలు మేమెందుకు నమ్మాలి?"

"నమ్మొద్దు" అన్నాను. "ఒక్కటీ నమ్మొద్దు. జూలై చివర్లో రండి. మీరే పాకి మీరే లెక్కపెట్టండి. అప్పటి దాకా యంత్రాన్ని ఆ గట్టు మీద పెట్టకండి. నేను అడిగేది అంతే. వచ్చి చూడటానికి మీకేంటి భయం?"

"కూర్చోండి, మిస్ పొహాతు" అంది ఓక్డెన్.

కూర్చున్నాను. పక్క కుర్చీలోంచి పిన్ని లేచింది. నల్ల కోటు వేసుకుంది. రిబ్బనుకు వేసుకు రమ్మన్న కోటే.

ఆవిడ తన సాయంత్రాల సంగతి చెప్పింది, అంకెలతో సహా. ట్రెమ్లెట్ ఓపిగ్గా విన్నాడు. "మీ బాధ నాకు అర్థమవుతోందమ్మా. కానీ..."

"నా బాధ పక్కన పెట్టు బాబూ. పిట్ట సంగతి అడుగు."

"అదే, దూరం నుంచి చూస్తే తురాయి పెంగ్విన్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. దక్షిణాన స్నేర్స్ దీవుల నుంచి దారి తప్పి వచ్చేవి ఉంటాయి. మీరు చూసినవి అవి కావని ఎలా చెప్పగలరు?"

"పాతికకు పాతికా దారి తప్పాయా? రోజూ? సరిగ్గా సాయంత్రం ఆ వేళకు?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"స్నేర్స్ దానికి ముక్కు మొదట్లో గులాబీ రంగు చర్మం కనపడుతుంది, పెళ్ళికి వెళ్తూ పెదాలకు రంగు అద్దుకున్నట్టు. మా దానికి ఆ సోకు లేదు. మా దాని చెంప మీద తెల్లటి గీతలుంటాయి, మూడో నాలుగో, పిల్లి గీరినట్టు. కోపమొస్తే ఇంకా తెల్లగా కనపడతాయి. దూరం అన్నావు కదా. నేను కూర్చున్న వేరు కిందే ఒకదాని గూడు. రోజూ నా బూటు మీద కాలేసి దాటి వెళ్ళేది. అదెంత దూరమో నువ్వే కొలిచి చెప్పు."

హాలంతా నవ్వింది. ట్రెమ్లెట్ కూడా కొంచెం నవ్వబోయి, వకీలును చూసి ఆపుకున్నాడు.

ఓక్డెన్ నవ్వలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని అడిగింది. "అమ్మా, ఆ అంకెలు మీరు ఎక్కడా రాసుకోలేదు. అంత కచ్చితంగా ఎలా గుర్తున్నాయి?"

పిన్ని జేబులో చెయ్యి పెట్టింది. రేకుల మీద వాన చప్పుడు.

"సముద్రంలోంచి వచ్చిన ప్రతిదాన్నీ చూశానండి. నూట పదమూడు సాయంత్రాలు. వాడు కాదు, వాడు కాదు అని ఒక్కొక్కదానికీ అనుకున్నాను. అలా అనుకున్నవి ఎలా మరచిపోతాను?"

పిన్ని జేబులోంచి మడతల బొమ్మ తీసి, ఓక్డెన్ బల్ల మీద పెట్టింది. "వాడి పేరు వెనక్కి తీసుకుంటున్నాను. ర్యాంపు కావాలి మాకు. మా మగవాళ్ళు చస్తున్నారు. మిల్లు దిబ్బ దగ్గర వెయ్యండి. పేరు అక్కర్లేదు."

డెనిస్ బాబాయ్ వెనక నుంచి అరిచాడు. "అక్కడ అల రాదండీ! నలభై ఏళ్ళుగా పడవ నడుపుతున్నా, నన్నొక్కరూ అడగలేదు. హోటలాయనకు బాయిలరు నచ్చకపోతే దానికి రంగు వేయించుకోమనండి!"

ఈసారి తామతి తాతయ్య కూడా నవ్వాడు.

*

ఓక్డెన్ తవ్వకం ఆపింది, ఆగస్టు దాకా. మళ్ళీ లెక్క జరగాలంది. ఆ లెక్క నేను చెయ్యకూడదంది. అది న్యాయమే. శాఖ నా కాంట్రాక్టు పొడిగించలేదు. ఒక వాక్యంలో ఉత్తరం పంపారు, "అంకెల విశ్వసనీయత దృష్ట్యా" అని. సున్నా వచ్చినప్పుడు ఏమిటని అడగనివాళ్ళకు విశ్వసనీయత ఇప్పుడు గుర్తొచ్చింది.

ఆగస్టు రెండో వారంలో ట్రెమ్లెట్ మళ్ళీ వచ్చాడు, ఇంకో ఇద్దరితో. దారి తెలియదు కాబట్టి చూపించమని నన్నే అడిగారు. చూపించాను. స్వెట్టరు మీద వానకోటు వేసుకుని, పొట్ట మీద పాకి, వేళ్ళ కిందికి టార్చి వేసిన ఆయన మొహానికి అడుగు దూరంలో ఒక మగ తవాకి ముక్కు తెరిచి అరిచింది. ఎంత గట్టిగా ఉలిక్కిపడ్డాడంటే తల వేరుకు కొట్టుకుంది.

"చెంప మీద గీతలు కనపడ్డాయా?" అన్నాను.

"నాలుగు" అన్నాడు నుదురు తుడుచుకుంటూ. టార్చి ఆర్పి, "నేను జూలైలోనే రావలసింది" అన్నాడు. అది క్షమాపణ అనుకోవాలేమో. నేను అనుకోలేదు.

గూళ్ళు ఇరవై తొమ్మిది.

పిన్ని ఆ రోజు మాతో అడవిలోకి రాలేదు. నల్లకొన మీద, తన చోటే కూర్చుంది. మేము దిగి వచ్చేసరికి కాళ్ళు ముడుచుకుని ఉంది, పిట్ట దారికి అడ్డం రాకుండా. "వచ్చింది. పోయినేడాదిదే" అంది. దానికి గుర్తేమిటని నేనడగలేదు.

ర్యాంపు ఎక్కడో ఇంకా తేలలేదు. మిల్లు దిబ్బ కొలతలు తీసుకుంటున్నారని డెనిస్ బాబాయ్ చెప్పాడు. చూసినప్పుడు నమ్ముతాను.

కానీ ఒకటుంది. శాఖ పట్టికలో పోయినేడాది వైమోకో ఎదురుగా ఆ సున్నా ఇంకా అలాగే ఉంది. దిద్దమని రాశాను. దిద్దాలంటే జాబితాలోంచి కారణం ఎంచుకోవాలన్నారు. వాతావరణం, అనారోగ్యం, పరికరం, సిబ్బంది. ఐదోది చేర్చమని మళ్ళీ రాశాను. పరిశీలిస్తామన్నారు. మూడో ఉత్తరానికి అదే జవాబు. నాలుగోదానికి జవాబే లేదు. రేపు ఇంకెవడో వచ్చి ఆ గడి చూసి, ఇక్కడ ఏమీ లేదని మళ్ళీ రాసుకోవడానికి అడ్డేముంది?

నిన్న సాయంత్రం పిన్ని బల్ల దగ్గర కూర్చుని ఐదో ఉత్తరం మొదలెట్టాను. మర్యాదగా రాస్తున్నాను. "తమరు దయతో..." అని.

పిన్ని నా భుజం మీంచి చదివింది. "దయ ఎందుకు? కొట్టెయ్" అంది.

కొట్టేశాను.

"ఇప్పుడు రాయి. 'ఆ నెలల్లో మేము మా పావొరా కోసం తీరం మూశాం. అందుకే ఎవరూ చూడలేదు. ఆ గడిలో అదే రాయండి.' అంతే. కింద నా పేరు కూడా పెట్టు."

పెట్టాను. ఇవాళ పొద్దున పోస్టులో వేశాను.